పెన్నేరు గడ్డ: వేరు కొనాలా, చూర్ణమా, క్యాప్సూలా?

ఇప్పుడు అందరూ అశ్వగంధ అంటున్నది మన పెద్దవాళ్ల పెన్నేరు గడ్డే. వంగ, టమాట, మిరప కుటుంబానికి చెందిన మొక్క ఇది. మందుగా వాడేది దాని వేరు. అదే వేరు ఇవాళ వరంగల్, హన్మకొండ దుకాణాల్లో ఆరు రూపాల్లో దొరుకుతుంది: ఎండు వేరు, చూర్ణం, చూర్ణం నింపిన క్యాప్సూల్, ఎక్స్‌ట్రాక్ట్ (చిక్కబరిచిన సారం) క్యాప్సూల్, లేహ్యం, అరిష్టం. వీటిలో ఏది మంచిదని అడిగేవాళ్లను ముందు రెండు సంగతులు అడగాలి. ఎందుకోసం వాడాలనుకుంటున్నారు? ఇప్పటికే ఏ మందులు వేసుకుంటున్నారు? రెండోదానికి వచ్చే జవాబును బట్టి కొందరు కొనకుండానే వెనక్కి వెళ్లాలి. అందుకే అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఎవరు ముట్టుకోకూడదు

గర్భిణులు వాడకూడదు. పాలిచ్చే తల్లులకు కూడా ఇది సురక్షితమని చెప్పడానికి సరిపడా ఆధారాలు లేవు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసేవాళ్లు దూరంగా ఉండాలి. ఈ వేరు కొందరిలో థైరాయిడ్ హార్మోన్‌ను పెంచుతుంది. థైరాయిడ్ తక్కువై థైరాక్సిన్ మాత్ర వేసుకునేవాళ్లకు కూడా చిక్కే. రెండూ కలిసి హార్మోన్ మోతాదు మించితే గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. నిద్ర కోసం కొన్న మందు నిద్ర చెడగొడుతోందంటే కారణం ఇది కావచ్చు.

షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు వాడేవాళ్లలో చక్కెర, బీపీ ఇంకా కిందికి పడిపోవచ్చు. నిద్రమాత్రలు, మూర్ఛ మందులు వాడేవాళ్లకు మత్తు పెరగొచ్చు. రుమటాయిడ్ కీళ్లవాతం, లూపస్ లాంటి, ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే దాడి చేసే జబ్బులున్నవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు, ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే ఆపాలి.

కాలేయం సంగతి వేరుగా చెప్పుకోవాలి. అరుదే అయినా అశ్వగంధ వాడినవాళ్లకు కామెర్లు వచ్చిన కేసులు ఐస్‌లాండ్, అమెరికాతో పాటు మన దేశంలోనూ నమోదయ్యాయి. ఎక్కువగా 2 నుంచి 12 వారాల మధ్య బయటపడ్డాయి. ఒళ్లంతా దురద, మూత్రం ముదురు పసుపు, కళ్లు పచ్చబడటం దాని గుర్తులు. ఇందులో ఏది కనిపించినా ఆ రోజే ఆపేసి లివర్ ఫంక్షన్ టెస్ట్ చేయించుకోవాలి. డాక్టర్‌కు మీరేం వాడుతున్నారో డబ్బా చూపించి మరీ చెప్పాలి. పసిరికల మందు అంటూ ఇంకో పసరు మొదలుపెట్టడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. ఇంతకుముందే కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు దీన్ని వదిలేయడమే మేలు. డెన్మార్క్ 2023లో దీన్ని నిషేధించింది. మనం అంత దూరం పోనక్కర్లేదు గానీ, మూలిక కదా ఏం కాదులే అనుకోవడం కూడా సరికాదు.

ఎండు వేరు: కంటితో చూసి కొనగలిగేది ఇదొక్కటే

పై ఇబ్బందులేవీ లేని ఆరోగ్యవంతులకు, రోజూ కాస్త తీరిక ఉన్నవాళ్లకు మా ఓటు ఎండు వేరుకే. కారణం ఒక్కటే. మిగతా రూపాల్లో లోపల ఏముందో డబ్బా మీది మాటే నమ్మాలి. వేరును మాత్రం చేత్తో విరిచి చూడొచ్చు.

సరుకు ఎక్కువగా మధ్యప్రదేశ్‌లోని నీమచ్, మంద్‌సౌర్ ప్రాంతాల నుంచి వస్తుంది. అక్కడ వేర్లను సైజును బట్టి గ్రేడ్లుగా విడదీస్తారు. 7 సెంటీమీటర్ల దాకా పొడవు, 1 నుంచి 1.5 సెంటీమీటర్ల మందం ఉండి, పైన నునుపుగా, లోపల తెల్లగా, గట్టిగా ఉన్నది మొదటి రకం. 5 సెంటీమీటర్ల పొడవు, 1 సెంటీమీటర్ మందం ఉంటే రెండోది. 3, 4 సెంటీమీటర్ల సన్న ముక్కలు మూడోది. ఆ కింద పసుపు రంగు తిరిగినవి, డొల్లవి, తెగిన తుక్కు. మొదటి రకమే కావాలని పట్టుబట్టాల్సిన పని లేదు. ఇంట్లో వాడకానికి రెండో రకం చక్కగా సరిపోతుంది. నాలుగోది మాత్రం ఎంత చవకగా ఇచ్చినా వద్దు. కొన్ని దుకాణాల్లో పొడిగా మారేది ఆ తుక్కే కావచ్చు.

కొనేటప్పుడు ఒక ముక్క తీసి విరవండి. ఎండిన మంచి వేరు టక్కున విరుగుతుంది. విరిగినచోట సున్నం ముక్కలా తెల్లగా, పిండిపిండిగా ఉంటుంది. వంగి పీచు పీచుగా చీలితే రెండు కారణాలు ఉండొచ్చు: ముదిరి కట్టెబారిన వేరు, లేదా తేమ పట్టిన సరుకు. నలిపి వాసన చూస్తే పచ్చిగా, గుర్రపు చెమట వాసన లాంటిది తగలాలి. ఆ పేరే దానికి అందుకే. నాలుక మీద పెడితే చేదు, కొంచెం వగరు. ఏ రుచీ లేని వేరు పాతబడిందనో, అప్పటికే సారం లాగేసిందనో అనుమానించాలి. చిన్న చిన్న గుండ్రని రంధ్రాలు, సంచి అడుగున సన్నని పొడి కనిపిస్తే పురుగు పట్టినట్టే. ఇందులో పిండి పదార్థం ఎక్కువ కాబట్టి వానాకాలంలో పురుగు త్వరగా వస్తుంది. మన దగ్గర జులై నుంచి సెప్టెంబర్ దాకా పెద్ద మొత్తంలో కొనకపోవడం మంచిది. కొత్త పంట జనవరి, మార్చి మధ్య తీస్తారు. ఎండాకాలంలో కొంటే తాజా సరుకు దొరికే అవకాశం ఎక్కువ, ఎండకు కరువు ఉండదు.

మొదటిసారి 100 గ్రాములు చాలు. రోజుకు 3 గ్రాముల లెక్కన అది నెల రోజులు వస్తుంది.

ఇంట్లో పొడి చేసుకునే పద్ధతి

వేర్లను నీళ్లలో నానబెట్టొద్దు. తడిగుడ్డతో మట్టి తుడిచి, అరంగుళం ముక్కలుగా విరిచి, పలుచని గుడ్డ కప్పి రెండు రోజులు ఎండబెట్టాలి. గిర్నికి ఇవ్వొద్దు. అక్కడ అంతకుముందు మిరపకాయలో పసుపో పట్టి ఉంటారు. ఆ కారం మీ పాలల్లోకి వస్తుంది. పోనీ కారం సంగతి వదిలేసినా, గిర్ని వేడికి పొడి వాసన పోతుంది. రోట్లో నలగ్గొట్టి, తర్వాత మిక్సీలో కొంచెం కొంచెంగా, ఆగి ఆగి తిప్పాలి. ఒకేసారి నింపి తిప్పితే జార్ వేడెక్కి పొడి ముద్దకడుతుంది. పలుచని నూలు గుడ్డలో జల్లించి, మిగిలిన పీచును పారేయకుండా పాలల్లో కాచుకోవడానికి ఉంచుకోండి.

పొడి గాజు సీసాలో ఉండాలి, తడి చెంచా పెట్టకూడదు. చూర్ణానికి రెండు నెలలు దాటితే బలం తగ్గుతుందని శార్ఙ్గధర సంహిత అనే పాత ఆయుర్వేద గ్రంథం చెబుతుంది. కాబట్టి వేరు ఎంత ఉన్నా, రెండు నెలలకు సరిపడినంతే పొడి కొట్టుకోవాలి. మిగతాది పొడి చేయకుండా వేరు రూపంలోనే ఉంచి మధ్యమధ్యలో ఎండ చూపించాలి.

మోతాదు విషయంలో ఎక్కువమంది తప్పేది చెంచా దగ్గర. ఆయుర్వేద ఫార్మకోపియా (మందుల ప్రమాణాల అధికారిక గ్రంథం) చెప్పే మోతాదు రోజుకు 3 నుంచి 6 గ్రాములు. టీ చెంచాను అంచుకు గీసి కొలిస్తే సుమారు 2.5 నుంచి 3 గ్రాములు వస్తుంది. గోపురంగా తీస్తే 5 గ్రాములకు చేరుతుంది. రోజుకు రెండు గోపురం చెంచాలు వేసుకుని కడుపులో మంట, విరేచనాలు అని మానేసినవాళ్లకు మొక్క పడకపోవడం కాదు, కొలత పడలేదు. మొదటి వారం సగం చెంచాతో, రాత్రి భోజనం తర్వాత మొదలుపెట్టి చూడాలి.

వేడి పాలల్లో పొడి నేరుగా వేస్తే ఉండలు కడుతుంది. రెండు చెంచాల చల్లని పాలల్లో ముందు పేస్టులా కలుపుకుని, ఆ తర్వాత గోరువెచ్చని పాలు పోయాలి. తేనె కలిపే అలవాటు ఉంటే పాలు చల్లారాకే.

శాస్త్రం ప్రకారం కాచుకోవాలంటే దాన్ని క్షీరపాకం అంటారు. ఒక వంతు వేరుకు 8 వంతుల పాలు, 32 వంతుల నీళ్లు. అంటే 5 గ్రాముల వేరుకు 40 మిల్లీలీటర్ల పాలు, 160 మిల్లీలీటర్ల నీళ్లు. నీళ్లన్నీ ఇగిరి పాలు మాత్రమే మిగిలేదాకా సన్నని సెగ మీద కాచి వడగట్టాలి. దీనికి మెత్తని పొడి వాడితే జావ అయి అడుగంటుతుంది. నలగ్గొట్టిన రవ్వలాంటి వేరు ముక్కలే కావాలి. పాలు పాతవైతే సగంలో విరిగిపోతాయి. ఇంత ఓపిక లేనివాళ్లు ఒక కప్పు పాలు, ఒక కప్పు నీళ్లు కలిపి అందులో ఆ వేరు వేసి సగానికి మరిగించుకుంటారు. అది శాస్త్రం లెక్క కాదు కానీ తాగడానికి బాగుంటుంది, రోజూ చేయడానికి వీలుగా ఉంటుంది.

దుకాణం చూర్ణం

విడిగా తూచి ఇచ్చే పొడి కొనొద్దని మా సలహా. ఆకు పొడి, కాడ పొడి, సారం తీసేసిన పిప్పి, రంపపు పొట్టు, ఏది కలిపినా ఇంట్లో తేల్చడం కష్టం. గుర్తుపట్టగలిగినవి కొన్నే. పొడి లేత గోధుమ రంగులో ఉండాలి. పచ్చదనం తగిలితే ఆకో కాడో కలిసింది. పళ్ల మధ్య ఇసుకలా కరకరలాడితే మట్టి కడగని వేరు. వాసన, చేదు రెండూ లేకపోతే పిప్పి.

కంపెనీ చూర్ణం కొనేటప్పుడు నాలుగు సంగతులు చూడాలి. ఆయుర్వేద ఔషధ తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, వాడిన భాగం వేరు అని స్పష్టంగా రాసి ఉండటం. ఆఖరిదే ముఖ్యం. కణాలకు హాని చేయగల వితాఫెరిన్-ఎ అనే పదార్థం ఆకుల్లో, వేరులోకంటే ఎక్కువ. 2021 అక్టోబరులో ఆయుష్ మంత్రిత్వ శాఖ అశ్వగంధ ఆకులు వాడొద్దని, వేరు మాత్రమే వాడాలని తయారీదారులకు సూచన ఇచ్చింది కూడా. ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు మాత్రమే ఉన్న డబ్బా ఆహార ఉత్పత్తిగా అమ్ముతున్నది. అది తప్పు కాదు, కానీ అది మందు లైసెన్స్ కాదని తెలిసి కొనాలి.

క్యాప్సూల్ లెక్క

ఇక్కడే జేబుకు ఎక్కువ చిల్లు పడుతుంది. క్యాప్సూళ్లలో రెండు జాతులున్నాయి. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

మొదటిది మామూలు చూర్ణం నింపింది. ఒక్కో దానిలో 500 మిల్లీగ్రాములు అనుకుంటే, 3 గ్రాముల మోతాదుకు రోజుకు ఆరు మింగాలి. డబ్బా మీద మాత్రం ఉదయం ఒకటి, రాత్రి ఒకటి అని ఉంటుంది. అంటే మీకు చేరేది 1 గ్రాము, కనీస మోతాదులో మూడో వంతు. చూర్ణం చేదు మింగలేనివాళ్లకు తప్ప దీన్ని కొనడానికి కారణం కనిపించదు.

రెండోది ఎక్స్‌ట్రాక్ట్. వేరులోని వితనోలైడ్లు అనే పదార్థాలను చిక్కబరిచి, ఎంత శాతం ఉందో రాసి అమ్ముతారు. 300 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌లో 5 శాతం అంటే 15 మిల్లీగ్రాముల వితనోలైడ్లు. మామూలు వేరులో ఇవి చాలా తక్కువ. 0.3 శాతం ఉన్న వేరైతే అదే 15 మిల్లీగ్రాముల కోసం 5 గ్రాముల పొడి కావాలి. శాతం రాయకుండా 10:1 అని మాత్రమే రాసిన డబ్బాను వదిలేయండి. పది కిలోల వేరు నుంచి ఒక కిలో తీశామని అది చెబుతుంది, అందులో ఏం మిగిలిందో చెప్పదు. శాతాన్ని హెచ్‌పీఎల్‌సీ (పదార్థాలను విడదీసి ఒక్కోదాన్ని కొలిచే ల్యాబ్ పరీక్ష) పద్ధతిలో కొలిచామని రాసి ఉంటే ఇంకా నయం. తూకం పద్ధతిలో కొలిస్తే అంకె పెద్దగా వస్తుంది.

పేరున్న ఎక్స్‌ట్రాక్టుల్లో కేఎస్‌ఎం-66 వేరు నుంచి మాత్రమే తీసింది, సెన్సోరిల్ వేరు, ఆకు కలిపి తీసింది. శాతం ఎక్కువ ఉన్నది మంచిదని ఎగబడకుండా ఏ భాగం నుంచి వచ్చిందో ముందు చూడాలి.

ఒత్తిడికి, నిద్రకు పనిచేస్తుందని ప్రకటనల్లో చూపించే పరిశోధనలు ఎక్కువగా ఎక్స్‌ట్రాక్ట్ మీద జరిగినవే. హైదరాబాద్‌లో 64 మంది మీద 60 రోజులు జరిగి, 2012లో అచ్చయిన ప్రయోగంలో వేరు ఎక్స్‌ట్రాక్ట్ 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లతో పోలిస్తే ఒత్తిడి, రక్తంలో కార్టిసోల్ అనే ఒత్తిడి హార్మోన్ తగ్గాయి. చిన్న ప్రయోగమే, అయినా ఆ ఫలితాన్ని తెచ్చి 500 మిల్లీగ్రాముల చూర్ణం క్యాప్సూల్ డబ్బా మీద అంటించడం న్యాయం కాదు. ఆఫీసు పని, షిఫ్టు డ్యూటీ ఉండి పాలు కాచుకోలేనివాళ్లు ఒత్తిడి, నిద్ర కోసం వాడాలనుకుంటే వేరు ఎక్స్‌ట్రాక్ట్ సరైనది. అయితే కామెర్ల జాగ్రత్త దీనికి ఇంకా గట్టిగా వర్తిస్తుంది. చిక్కబరిచిన సరుకు కదా. రెండు కంపెనీలవి కలిపి వేసుకోవడం, జిమ్ పౌడర్‌లో ఇప్పటికే అశ్వగంధ ఉందని చూడకుండా విడిగా ఇంకొకటి మింగడం, ఈ రెండూ వద్దు.

లేహ్యం, అరిష్టం గురించి ఎక్కువ చెప్పేది లేదు. లేహ్యంలో బెల్లమో చక్కెరో దండిగా ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్లకు కుదరదు. అరిష్టం పులియబెట్టి చేస్తారు కాబట్టి అందులో సహజంగానే కొంత ఆల్కహాల్ ఉంటుంది. రెండింట్లోనూ ఇతర మూలికలు చాలా కలుస్తాయి. వైద్యుడు రాసిస్తే వాడాలి, సొంతంగా ఎంచుకునే రూపాలు కావివి. గమ్మీలు (నమిలే జెల్లీ బిళ్లలు) అసలు లెక్కలోకే రావు.

అడవి వేరు, జాతర వేరు

పెన్నేరు మొక్క మన ఊళ్ల చుట్టూ బీడు భూముల్లో, గట్ల మీద దానంతట అదే మొలుస్తుంది. ఆకుల మీద బూడిద రంగు నూగు, పలుచని తొడుగులో ఎర్రటి పండు. దీన్ని కుప్పంటి మొక్కతో పొరబడేవాళ్లున్నారు. కుప్పంటికి కూడా తొడుగులోనే కాయ ఉంటుంది, కానీ ఆకు పచ్చగా, తొడుగు ఉబ్బిన బుడ్డలా ఉంటుంది. బీడులో పెరిగిన వేరు సాగు చేసిన వేరంత లావెక్కదు. పీచు, చేదు ఎక్కువ. సాగు వేరుకు చెప్పిన మోతాదును దానికి అలాగే పెట్టకూడదు. మేడారం జాతరలో, వారసంతల్లో గోనెపట్టాల మీద పరిచి అమ్మే ఎండు వేర్లలో ఏది ఏదో తేల్చుకోలేకపోతే కొనొద్దు. ముఖ్యంగా సర్పగంధను అశ్వగంధ అనుకుని తెచ్చుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోవచ్చు. వరంగల్‌లోని అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఆస్పత్రికి తీసుకెళ్లి ద్రవ్యగుణం (మూలికల శాస్త్రం) తెలిసినవాళ్లకు వేరు చూపించి అడగొచ్చు.

పిల్లిపీచర ఎప్పుడు?

అశ్వగంధ కోసం వచ్చిన ఆడవాళ్లలో చాలామందికి ఆయుర్వేదం చెప్పేది నిజానికి శతావరి, అంటే పిల్లిపీచర గడ్డలు. బాలింతల్లో పాలు పెరగడానికి, కడుపులో మంటకు, ఒంట్లో వేడికి సంప్రదాయంగా వాడేది అదే. రెండూ బలానికే కదా అని ఒకదాని బదులు ఇంకొకటి వేసుకోవడం సరికాదు. ఆకలి మందగించి, కఫం ఎక్కువ ఉన్నవాళ్లకు పిల్లిపీచర బరువు చేస్తుంది.

ములుగు, ఏటూరునాగారం అడవుల నుంచి పచ్చి గడ్డలు దొరికితే వాటిని శుద్ధి చేయడం వేరే పని. కొద్దిసేపు ఉడికించి, వేడి మీదే పై తోలు ఒలిచి, మధ్యలో ఉండే నారను లాగేసి ఎండబెట్టాలి. పచ్చిగా ఉన్నప్పుడు తోలు తీయకపోతే ఎండాక అది రాదు, పొడి నల్లబడుతుంది. ఎండిన గడ్డ లేత పసుపులో, ముడతలు పడి, కొంచెం వంగేలా, తియ్యగా ఉంటుంది. అశ్వగంధలా టక్కున విరగకపోవడం ఇక్కడ లోపం కాదు. జిగురు ఉండటం వల్ల మిక్సీ జార్‌కు అంటుకుంటుంది, బాగా కరకరలాడేదాకా ఎండితేనే పొడి అవుతుంది. గాలిలో తేమను కూడా త్వరగా పీలుస్తుంది, అందుకే దీన్ని నెలకు సరిపడానే కొట్టుకోవాలి. తవ్వి తెచ్చేవాళ్లకు ఒక మాట: మొదలు పెరక్కుండా, గుత్తిలో కొన్ని గడ్డలు వదిలేస్తే వచ్చే వానకు తీగ మళ్లీ లేస్తుంది.

ఎన్నాళ్లు?

అశ్వగంధ ఏ రూపమైనా రెండు రోజుల్లో తేడా చూపదు. నాలుగు నుంచి ఎనిమిది వారాలు చూడాలి. ఎనిమిది వారాలకూ ఏమీ తెలియకపోతే మోతాదు పెంచకుండా మానేయండి, అది మీకు పనికిరాలేదు. తేడా తెలిసినా మూడు నెలలకు ఆపాలి. అంతకు మించి వాడితే ఏమవుతుందో తేల్చేంత పరిశీలన జరగలేదు. షుగర్, థైరాయిడ్ బోర్డర్‌లైన్‌లో ఉన్నవాళ్లు మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆరు వారాలకు ఒకసారి రక్తపరీక్ష చేయించుకుంటే మంచిది. ఆ చిట్టీ మీద ఏ రోజు మొదలుపెట్టారో, ఎన్ని గ్రాములో, ఏ బ్యాచ్ డబ్బానో రాసి పెట్టుకోండి. ఏదైనా తేడా వస్తే డాక్టర్ మొదట అడిగేవి ఆ మూడే.